డెమో బండి కొనాలా వద్దా: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

లైసెన్సు చేతికొచ్చిన కొత్తలోనే నా మనసు 350 సీసీ బండి మీద పడింది. కొత్తది కొందామంటే డబ్బు చాలదు. సెకండ్ హ్యాండ్ అంటే "ఎవడెలా తోలాడో ఏమో" అని అమ్మ ఒప్పుకోదు. అప్పుడు చిన్నాన్న డెమో బండి మాట ఎత్తాడు. షోరూమ్‌వాళ్లు టెస్ట్ రైడ్‌కి తిప్పిన బండిని కొన్నాళ్లయ్యాక ధర తగ్గించి అమ్మేస్తారట. నిజానికి అది ఒకడు కాదు, ఊరంతా తోలిన బండి. ఆ సంగతి అమ్మ దగ్గర మేమిద్దరం ఎత్తలేదు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. పెళ్లి బట్టలకైనా ఆసుపత్రికైనా అటో ఇటో ఆలోచించకుండా వెళ్లిపోతాం. బండి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ సరిహద్దు గట్టిగానే అడ్డం పడింది.

నేను మొదట చూసిన డెమో బండి ఆంధ్రా వైపు షోరూమ్‌లోది. చూడ్డానికి కొత్త బండిలాగే ఉంది, ధరా బాగుంది. నంబరు ప్లేటు తెల్లది, ఏపీ 39 అని ఉంది. ఇంటికొచ్చి ఆర్టీవో పనులు చూసే మా బావకి ఫొటో చూపిస్తే మొదట ప్లేటే చూశాడు. "తెల్ల ప్లేటంటే షోరూమ్ పేరు మీద రిజిస్టర్ అయిపోయిందిరా. నువ్వు రెండో ఓనరువి. ఎర్ర ప్లేటైతే వేరే కథ" అన్నాడు.

ఎర్ర ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే అది ట్రేడ్ సర్టిఫికెట్ (డీలరుకిచ్చే అనుమతి) మీద తిరుగుతున్న బండి, ఇంకా ఎవరి పేరు మీదా రిజిస్టర్ కాలేదు. దాన్ని కొంటే మొదటి ఓనరు మనమే. ఆంధ్రాలో కొన్నా అక్కడ టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, తీసుకుని తెచ్చి మన ఆర్టీవోలో మన జిల్లా ఓడీ 20 నంబరు వేయించుకోవచ్చు. కొత్త బండితో పాటు వచ్చే ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) కూడా మన పేరు మీదే మొదలవుతుంది. నేను చూసిన బండికి ఇవేవీ లేవు. దాన్ని ఒడిశాకి తేవాలంటే ముందు అక్కడ ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి, అక్కడ కట్టిన పన్నులో వాపసు కోసం అక్కడే తిరగాలి. దీనికి తోడు ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే ఫైనాన్స్ దగ్గర ఒక బ్యాంకు పేరు కనిపించింది. ఆ అప్పు తీరినట్టు ఫారం 35 వస్తే తప్ప పేరు మారదు. షోరూమ్ తగ్గిస్తానన్న డబ్బు ఈ తిరుగుడుకే సరిపోయేలా ఉంది. వదిలేశాను.

తరవాత బరంపురంలో ఇంకోటి దొరికింది. ఇదీ తెల్ల ప్లేటే, కానీ ఓడీ 07. రాష్ట్రం ఒకటే కాబట్టి పన్ను గొడవ లేదు. యాప్‌లో ఫైనాన్సు గడి ఖాళీగా ఉంది. ఇక్కడ ధర దగ్గర ఆగాల్సి వచ్చింది.

సేల్స్ కుర్రాడు కాగితం మీద "కొత్తది ఇంత, డెమో ఇంత" అని రాసి చూపించాడు. తేడా బాగానే కనిపించింది. అయితే ఆ "కొత్తది ఇంత" అన్నది పాత ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా వంద రూపాయలున్నది, పన్నుతో కలిపి 128 పడేది 118 అయింది, అంటే షోరూమ్ ధరలో దాదాపు ఎనిమిది శాతం తగ్గినట్టు. ఈ బండి అంతకు ముందు రిజిస్టర్ అయింది. కొత్త ధర పెట్టి మళ్లీ లెక్క వేస్తే వాళ్లిచ్చే డిస్కౌంటులో సగానికి పైగా కరిగిపోయింది. ఆ కుర్రాణ్ని తప్పు పట్టను, పై నుంచి ఇచ్చిన కాగితమే చూపించాడు. బేరం మాత్రం కొత్త ధర దగ్గర నుంచే మొదలుపెట్టాం.

లెక్కలో తేదీలు కూడా వేసుకోవాలి. వారంటీ మనం కొన్న రోజు నుంచి కాదు, షోరూమ్ పేరు మీద రిజిస్టర్ అయిన రోజు నుంచే నడుస్తోంది. థర్డ్ పార్టీ ఐదేళ్లు ఉన్నా సొంత డ్యామేజీ కవరు ఒక్క ఏడాదే, అదీ అయిపోవచ్చింది. అందరూ మీటరు మీద కిలోమీటర్లు చూస్తారు గానీ, నేనైతే ముందు ఆర్సీ మీద తేదీ చూడమంటాను.

బండిని చూడ్డానికి మా వీధి మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను. ఆయన తాళం అడగలేదు. ముందు అరచెయ్యి ఇంజిన్ మీద పెట్టాడు. "బాబూ, వేడిగా ఉంది. మనం వస్తున్నామని ముందే స్టార్ట్ చేసి పెట్టారు. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూడాలి, రేపు పొద్దున్న వద్దాం" అన్నాడు. ఆ రాత్రి పిన్నివాళ్లింట్లో పడుకుని, షోరూమ్ తలుపులు తీసే వేళకి వెళ్లి నిలబడ్డాం. చల్లగా ఉన్నప్పుడూ ఒక్క నొక్కుకే అందుకుంది.

ఆ తరవాత హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, అది ఆగే చోట లోపల వేలు పెట్టి తడిమాడు. ముందు నుంచి గట్టిగా గుద్దుకుంటే అక్కడ నొక్కు పడుతుందట. నొక్కు లేదు. ఎడమ వైపు క్రాష్ గార్డు కింద, ఫుట్‌రెస్టు చివర మాత్రం గీతలున్నాయి. అది నిలబడి ఉండగా పక్కకి ఒరిగిన దెబ్బే, జారిపడింది కాదని తేల్చాడు. నాకు ఆ గీతలు చూస్తే హాయిగా అనిపించింది. రేపు నేను ఎలాగూ ఒకసారి పడేస్తాను, మొదటి గీత నాది కాదు.

అసలు తేడా క్లచ్‌లో దొరికింది. లివరు దాదాపు పూర్తిగా వదిలితే గానీ బండి కదలడం లేదు. రోడ్డు మీద నాలుగో గేరులో ఒక్కసారి రేజ్ చేస్తే ఇంజిన్ శబ్దం పెరిగింది కానీ స్పీడు అందుకోలేదు. "నీలాంటి కొత్తవాళ్లందరూ దీని మీదే నేర్చుకున్నారు" అన్నాడు నా వైపు చూసి. టెస్ట్ రైడ్ అంటే అదే కదా, హాఫ్ క్లచ్‌లో పట్టుకుని సందు చివరిదాకా వెళ్లి తిరిగి రావడం.

బరువు సంగతి కూడా చెప్పాలి. నేను నేర్చుకున్న చిన్నాన్న స్ప్లెండర్ 112 కిలోలు. ఈ బండి 181. కదిలాక ఆ తేడా తెలియదు. షోరూమ్ ముందు వాలులో, ఇంజిన్ ఆపి, వెనక్కి తోస్తేనే తెలుస్తుంది. టెస్ట్ రైడ్ కన్నా ఆ కాసేపు తోసిందే నాకు ఎక్కువ పనికొచ్చింది. కాళ్లు రెండూ నేలకి పూర్తిగా ఆనుతున్నాయి, తొయ్యగలిగాను. ఆనకపోతే ఎంత తగ్గించినా వద్దనేవాణ్ని.

చివరికి కొన్నాను. క్లచ్ ప్లేట్లు వాళ్ల ఖర్చుతో మార్చాలి, ఛాసిస్ నంబరు మీద సర్వీసు హిస్టరీ ప్రింటు ఇవ్వాలి, రెండో తాళంచెవి ఇవ్వాలి. ఈ మూడూ బిల్లు వెనక రాయించి స్టాంపు వేయించుకున్నాకే డబ్బు కట్టాను. పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అక్కడే అయిపోయాయి. పేరు మార్పుకి కొన్నవాడికి చట్టం 30 రోజులిస్తుంది. ఇన్సూరెన్సు విషయంలో అంత తీరిక లేదు, 14 రోజుల్లోపే కంపెనీకి రాయాలి. థర్డ్ పార్టీ బండితో పాటే మన పేరుకి వచ్చినట్టు లెక్క, సొంత డ్యామేజీకి మాత్రం పాలసీలో పేరు మారకపోతే క్లెయిము తేలదు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అమ్మినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

క్లచ్ మార్చారు, ఇప్పుడు సగంలోనే అందుకుంటోంది. సర్వీసు ప్రింటూ వచ్చింది. రెండో తాళంచెవి కోసం ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం సార్" అంటున్నారు. స్టాంపు వేసిన బిల్లు ఫొటో తీసి మొన్న మళ్లీ పంపాను.