బ్రాడీపేట పాతిల్లు, నాయనమ్మ వాటా

బ్రాడీపేటలో ఇల్లు అమ్మకానికుందంటే గుంటూరులో ఎవరైనా ముందు అడిగేది "ఎన్ని బై ఎంత?" అని. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. రైలు పట్టాలకు అవతలున్న అరండల్‌పేటదీ ఇదే లెక్క. తెల్లదొరల పేర్లతో గళ్లపుస్తకంలా గీసిన పేటలు కాబట్టి అడ్రసు పట్టుకోవడం తేలిక. ఆ అడ్రసులో ఉన్న ఇంటి హక్కుదారులందర్నీ పట్టుకోవడమే కష్టం. రెండో ప్రశ్న "గజం ఎంత చెబుతున్నారు?" మూడోది చాలామంది అడగరు: "మొత్తం సంతకాలెన్ని?"

డాక్యుమెంట్ల సంచీ విప్పేముందే ఒక తెల్లకాగితం మీద వంశవృక్షం గీయించండి. దస్తావేజు ఎవరి పేరున ఉందో వారితో మొదలుపెట్టి పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పోయిన తేదీలు. తేదీలు లేని వంశవృక్షం దేనికీ పనికిరాదు. ఎందుకో చూడండి. ఇల్లు తండ్రి స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండా పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురూ సంతకాలు పెడతామంటున్నారు. ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లోనూ ఆ నాలుగు పేర్లే ఉన్నాయి. అంతా బాగానే ఉందనిపిస్తుంది. అయితే తండ్రి పోయేనాటికి ఆయన తల్లి బతికే ఉన్నారా? ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆవిడదీ సమాన వాటానే, ఇల్లు నాలుగు కాదు, ఐదు భాగాలు. ఆ తర్వాత ఆవిడా వీలునామా లేకుండా పోతే ఆ ఐదో భాగం ఆవిడ సంతానమందరికీ చీలుతుంది. అమ్మేవాళ్లకు అందులో కొంత వస్తుంది, మిగతాది వాళ్ల బాబాయిలకు, మేనత్తలకు, వాళ్లూ లేకపోతే వాళ్ల పిల్లలకు పోతుంది. వీళ్లెవరూ ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా కాపురం ఉండి ఉండకపోవచ్చు. అయినా వాటా వాటానే. వాళ్లచేత రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవాలి, లేదా అమ్మకందార్లలో ఒకరిగా చేర్చాలి. పాత పేటల్లో రిజిస్ట్రేషన్ అయ్యాక వచ్చే దావాల్లో ఈ నాయనమ్మ వాటా ఒక పెద్ద తలనొప్పి.

ఆడపిల్లల సంగతి కూడా అంతే. "పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అన్నది ఇంట్లో చెప్పుకునే మాట, కాగితం కాదు. ఉమ్మడి ఆస్తి అయితే మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని కూతుళ్లకు పుట్టుకతో హక్కు వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణతో పెళ్లయినవారికీ వచ్చింది. తండ్రి 2005కి ముందే పోయినా కూతురి హక్కుకు అది అడ్డు కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పారీఖత్తు (వాటాలు పంచుకున్న దస్తావేజు) ఉంటే దాన్ని ఈ సవరణ తిరగదోడదు. అలాంటి పారీఖత్తు ఉన్న ఇల్లు దొరికితే ధర కాస్త ఎక్కువైనా ఆలోచించవచ్చు.

ఒక వారసుడు అమెరికాలో ఉండటం గుంటూరులో మామూలే. అతను పంపే జీపీఏ (తన బదులు ఇక్కడ సంతకం పెట్టేందుకు ఒకరికిచ్చే అధికారపత్రం) అక్కడి నోటరీ దగ్గరో మన కాన్సులేట్లోనో ధ్రువీకరించినదై ఉండాలి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి ఉండాలి. అందులో "అమ్ముటకు, సొమ్ము పుచ్చుకొనుటకు, రిజిస్టరు చేయుటకు" అధికారం ఇచ్చినట్టు విడివిడిగా రాసి ఉందో లేదో చదవండి. "ఆస్తి చూసుకొనుటకు" అని మాత్రమే ఉంటే దాంతో అమ్మడం కుదరదు. అమ్మకందారు ఎన్నారై అయితే టీడీఎస్ (అతనికిచ్చే సొమ్ములోంచి మీరు కోసి కట్టే ఆదాయపు పన్ను) లెక్కే వేరు. మామూలు 1 శాతంతో పోదు, ఆడిటర్ని కలవకుండా అగ్రిమెంటు రాసుకోవద్దు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దగ్గర చాలామంది మోసపోయేది ఒకచోటే. "నిల్" అని వస్తే ఊపిరి పీల్చుకుంటారు. ఈసీలో మీరిచ్చిన వివరాలకు దొరికినవే వస్తాయి. ఈ పేటల్లో డోరు నంబర్లు మారాయి. పాత డోరు నంబరు, కొత్త డోరు నంబరు, టౌన్ సర్వే నంబరు, మూడింటి మీదా విడివిడిగా తీయండి. ఆన్‌లైన్లో 1983 నుంచి వస్తాయి, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తీయించాలి. రిజిస్టరు కాని వీలునామా, నోటరీ అగ్రిమెంటు, కోర్టు దావా ఇందులో కనపడవు. అందుకే అడ్వాన్సుకు ముందు లాయరు పేరున పత్రికా ప్రకటన వేయించడం. రిజిస్ట్రేషన్ నిషేధించిన దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ స్థలాల 22ఏ జాబితాలో మీ సర్వే నంబరు లేదని కూడా చూసుకోవాలి. అసలు దస్తావేజు బదులు నకలు చూపిస్తే, అసలు ఎక్కడుందో తేలేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఎవరి దగ్గరో తాకట్టులో ఉండొచ్చు.

ఇప్పుడు టేపు. పాత దస్తావేజులో "40 అడుగులు, 60 అడుగులు" అని గుండ్రంగా ఉంటుంది. 2,400 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 266.66 గజాలు. నేలమీద కొలిస్తే 39 అడుగుల 3 అంగుళాలు, 59 అడుగులు వచ్చిందనుకోండి, అది 257.3 గజాలే. తేడా తొమ్మిది గజాల పైచిలుకు. గజం లక్ష అనుకుంటే తొమ్మిది లక్షలు. బేరం కొలత మీదే అని అగ్రిమెంటులో ముందే రాయించండి, కాగితం మీదున్న గజాలకు కాదు. నాలుగు వైపులూ, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవాలి, ముందూ వెనకా సమానమైనంత మాత్రాన స్థలం మూలమట్టంగా ఉన్నట్టు కాదు. కొలిచేటప్పుడే పక్కింటి గోడ చూడండి. అది ఉమ్మడి గోడా, మన గోడా, వాళ్ల గోడా? దస్తావేజు హద్దుల్లో "ఉమ్మడి గోడ సగం" అని ఉంటే రేపు పడగొట్టి కట్టుకునేటప్పుడు పక్కవాళ్ల ఒప్పుకోలు కావాలి. ఉమ్మడి సందు, ఉమ్మడి బావి, చూరునీళ్లు పడే చోటు కూడా హద్దుల్లో ఏమని ఉన్నాయో చదవాలి. ఇక వీధిపోటు. మీకు నమ్మకం లేకపోవచ్చు, కానీ రేపు మీ దగ్గర కొనేవాడికి ఉంటుంది, అంతమేర ధర తగ్గించి అడగండి.

ఇంటి వయసును గోడల రంగు చూసి కట్టకండి. పాత మద్రాసు టెర్రస్ మిద్దె అయితే టేకు దూలాల మీద సున్నంలో నిలువుగా పేర్చిన సన్నటి ఇటుకలుంటాయి. దూలం నడుమ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. జబ్బంతా గోడలోకి దూరిన కొసలో. నిచ్చెనేసుకుని ఆ కొస దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చండి. టేకు గట్టిగా ఎదురు తిరగాలి. బెల్లంలా దిగితే లోపల తడికి కుళ్లింది, లేదా చెదలు తిన్నాయి. కారుతోందని పైన ఒక పొర తర్వాత ఒక పొర సిమెంటు కాంక్రీటు వేసుంటే ఆ బరువంతా ఆ కొసల మీదే. కింద గచ్చుమీద తెల్లటి సున్నపు పొడి రాలుతున్నా, దూలాలకు సమాంతరంగా పగుళ్లు కనిపించినా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాల్సిందే. గోడ అడుగున ఉప్పు పట్టిందని మూడడుగుల ఎత్తు సిమెంటు ప్లాస్టరింగు చేసుంటారు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక పైకెక్కి నాలుగో అడుగులో పొక్కుతుంది. దానికి పెయింటు కాదు మందు, ఆ సిమెంటు చెక్కేసి మళ్లీ సున్నం పూయడమే. నల్లరేగడి నేల ఉన్నచోట కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు ఎండాకాలంలో వెడల్పవుతాయి, అందుకే ఇల్లు ఒకసారి మేలోనూ చూడాలి.

డబ్బు లెక్క సూటిగా చెప్పుకుందాం. ధర 1.5 కోట్లు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం: స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1. మొత్తం 11.25 లక్షలు. 75 లక్షలు దాటిన రుణానికి బ్యాంకు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. అంటే 1.125 కోట్లు లోను, చేతినుంచి 48.75 లక్షలు. కానీ పాత కట్టడానికి బ్యాంకు వాల్యూయరు పెద్దగా విలువ కట్టడు. 1.3 కోట్లే కట్టాడా, లోను 97.5 లక్షలకు దిగి మీ చేతి సొమ్ము 63.75 లక్షలకు ఎగబాకుతుంది. బయానా ఇచ్చాక ఈ తేడా తెలిస్తే నిద్ర పట్టదు. కాబట్టి బ్యాంకు వాల్యుయేషన్ ముందు, బయానా తర్వాత. బయానా కూడా చెక్కుగానో ఆన్‌లైన్లోనో ఇవ్వండి, స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ మీరే కోసి కట్టాలి. ఐదుగురు అమ్మకందార్లకు ఒక్కొక్కరికీ ముప్పై లక్షలే వస్తున్నాయి కదా అనుకోవద్దు, 2024 అక్టోబరు నుంచి మొత్తం ధరనే చూస్తారు. ఎవరికి వారి పాన్ మీద విడిగా కట్టాలి. పాన్ లేని అక్కగారు ఒకరుంటే ఆవిడ వాటాలో 20 శాతం కోయాలి. ముందే చెప్పకపోతే రిజిస్ట్రారు ఆఫీసు మెట్లమీదే గొడవ మొదలవుతుంది.

మాస్టర్ ప్లాన్లో మీ రోడ్డు వెడల్పు ఎంతని చూపారో కార్పొరేషన్ టౌన్ ప్లానింగులో అడగండి. మెయిన్ రోడ్డుకు ఆనుకున్న స్థలాలకు ఇది మరీ ముఖ్యం.

రిజిస్ట్రేషన్ రోజు లింకు డాక్యుమెంట్లన్నీ (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు) అసలువి లెక్కపెట్టి తీసుకోండి. ఇంటిపన్ను, కుళాయి పన్ను రసీదులు, కరెంటు బిల్లు బాకీ లేనట్టు చూసుకుని మీటరు రీడింగు ఫొటో తీయండి. మేడమీద గది, వెనక పెంకుటి వాటా తలుపులు తీయించి లోపల ఎవరి సామానూ లేదని చూసి, ఆ తర్వాతే ఆఖరి డీడీ చేతికివ్వండి.