స్మారకం మీది పేరు నుంచి సైనికుడి దాకా

మొదటి ప్రపంచ యుద్ధ స్మారకాల మీద చాలాచోట్ల ఇంటిపేరు, పొడి అక్షరాలే ఉంటాయి. అరిగిన అక్షరాలను సుద్దముక్కతో రుద్దొద్దు, వైరు బ్రష్షు అసలే వద్దు. రాతి పైపొర లేచిపోతే ఆ పేరు ఇక దొరకదు. పొద్దువాలాక టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుని ఫొటో తీయండి. గాడుల్లో నీడ నిలిచి, పగలు కనిపించని అక్షరం కూడా తేలుతుంది.

బ్రిటిష్, భారత సైన్యాలవాళ్ల కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా చూడండి. వెతుకులాటను 1918తో ఆపేయొద్దు. పోరు ఆగాక గాయాలతో పోయినవాళ్లు కూడా అందులో ఉంటారు, గడువు 1921 ఆగస్టు 31.

ఒకే పేరుతో నలుగురు తేలితే సర్వీసు నంబరు ఒక్కటే చూసి తేల్చకండి. బ్రిటిష్ సైన్యంలో 1920కి ముందు చాలా నంబర్లు రెజిమెంటు వారీగా ఇచ్చినవే. దళం మారితే తరచూ నంబరూ మారేది, అదే నంబరు వేరే రెజిమెంటులో ఇంకొకరికి ఉండేది. నంబరు, రెజిమెంటు, తేదీ మూడూ కలవాలి.

జాబితాలో ఉన్నవాడి పేరు ఊరి రాయి మీద లేకపోవచ్చు. చాలా ఊళ్లలో స్థానిక కమిటీలే పేర్లు సేకరించాయి. కుటుంబం ఇవ్వకపోతే పేరు ఎక్కలేదు. పుట్టిన ఊళ్లో, పనిచేసిన ఊళ్లో రెండుచోట్లా ఒకే మనిషి పేరు చెక్కినవీ ఉన్నాయి.