ఏడో స్తంభం దగ్గర జున్ను

మా కుక్క జున్నును మొదటిసారి విశాఖ ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లింది ఒక ఆదివారం సాయంత్రం. కాళీమాత గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ముంత మసాలా బళ్లు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు, ఈలలు ఊదుతూ బొమ్మలు అమ్మేవాళ్లు. అంత గోలలోనూ అది నా కాళ్ల పక్కన కదలకుండా నిలబడింది. మొరగలేదు, తాడు లాగలేదు. "ఎంత బుద్ధిగా ఉందమ్మా! మా ఇంట్లోదయితే ఈపాటికి బీచ్ అంతా ఏకం చేసేది" అని ఒక పెద్దాయన మెచ్చుకున్నారు. నాకు కడుపు నిండిపోయింది. సంచిలోంచి ఉడికించిన కోడి లివర్ ముక్క తీసి నోటి ముందు పెట్టాను. దానికి ప్రాణమైన తిండి. ముట్టలేదు. తోక పొట్ట కిందకు పోయింది, పెదవులు నాకుతూనే ఉంది, చూపు దేని మీదా నిలవడం లేదు.

మర్నాడు పొద్దున బెల్టు చేతిలోకి తీసుకోగానే మంచం కిందకు దూరింది. గేటు దాటించడానికి నాలుగు రోజులు పట్టింది. ముందురోజు సాయంత్రం మేమంతా బుద్ధి అని మెచ్చుకున్నది భయంతో బిగుసుకుపోవడమని అప్పుడు తెలిసింది. ఆ తప్పు నాది. అందుకే ఇది రాస్తున్నాను. జనంలోకి తీసుకెళ్తూ ఉంటే అదే అలవాటవుతుందని ఇప్పటికీ ఎందరో చెబుతున్నారు, ఎందరో నమ్ముతున్నారు.

జున్ను మాకు ఎంవీపీ కాలనీ రైతుబజారు వెనక, ముందుకాలికి దెబ్బతో దొరికింది. పశువుల డాక్టరు పళ్లు చూసి ఎనిమిది నెలలు ఉంటాయన్నారు. కుక్కపిల్ల లోకాన్ని చూసి బెదరకుండా అలవాటు పడే వయసు సుమారు మూడో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా. ఆ రోజులు దానికి ఏ సందులో, ఎవరి రాళ్ల మధ్య గడిచాయో. పైగా మనం 20 వేల హెర్ట్జ్ వరకే వింటే, కుక్క దాదాపు 45 వేల వరకు వింటుంది. మనకు మామూలుగా వినబడే బొమ్మ ఈల దాని చెవికి ఎలా ఉంటుందో నేను ఊహించలేను.

మొదట్లో ఒక శిక్షకుడిని పిలిపించాం. మెడకు బిగుసుకునే గొలుసు వేసి, సైకిలు ఎదురైనప్పుడల్లా ఒక్క గుంజు గుంజమన్నారు. వారం రోజులు అలాగే చేశాను. అంతకుముందు సైకిలును చూసి పక్కకు తప్పుకునే జున్ను, ఆ వారం చివరికి గుర్రుమనడం మొదలుపెట్టింది. సైకిలు కనబడితే మెడ నొప్పి వస్తుందని నేర్చుకుంది మరి. గొలుసు తీసేశాను. ఛాతీ చుట్టూ వేసే బెల్టు, ఆరడుగుల తాడు కొన్నాను. ఇప్పటికీ అవే.

ఆ తర్వాత మాకు దారి చూపించింది దూరం. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర సెలవు రోజుల్లో టికెట్ల కోసం జనం ఉంటారు. అక్కడి నుంచి వీధి దీపాల స్తంభాలు లెక్కపెట్టుకుంటూ దూరంగా నడిచాను. పదిహేనో స్తంభం దగ్గర జున్ను లివర్ ముక్క తిన్నది. అంతే, అదే మా మొదటి బడి. తినగలిగిన చోటే అది నేర్చుకోగలదు. తినడం మానేసిందంటే నేను దగ్గరికి వచ్చేశానని అర్థం. తిన్నా కూడా ఎలా తిన్నదో చూడాలి. నెమ్మదిగా ఉన్నప్పుడు పెదవులతో అందుకుంటుంది. కంగారుగా ఉంటే పళ్లు నా వేళ్లకు తగులుతాయి. ఎన్నో రోజులు నా వేళ్లే నాకు చెప్పాయి, ఇక వెనక్కి వెళ్దామని.

ఉదయం బ్యాంకుకు వెళ్లే ముందు గంట, సాయంత్రం అరగంట. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు మాత్రమే ఉంటారు. మాలాంటి వాళ్లకు అంతకంటే మంచి వేళ లేదు. వెళ్లగానే ఒక పది నిమిషాలు దాన్ని వాసన చూసుకోనిస్తాను. తొందరపెట్టను. గడ్డి మొదళ్లు, గోడ మూలలు, ఇసుకలో నత్తగుల్లలు అన్నీ చదువుకున్నాక దాని నడకే మారిపోతుంది.

ఇంట్లో మాత్రం బొంత పాఠం. అమ్మమ్మ కుట్టిన పాత బొంతలో ఒక ముక్క కత్తిరించి, జున్ను దాని మీద పడుకున్నప్పుడల్లా ముందు కాళ్ల మధ్య ఒక లివర్ ముక్క పెట్టేదాన్ని. వంటింట్లో కుక్కరు కూస్తుండగా, తర్వాత మెట్ల మీద, తర్వాత గేటు బయట. రెండు నెలలయ్యాకే ఆ బొంత సముద్రం చూసింది. ఎక్కడ పరిచినా అది మా ఇల్లే అన్నట్టు ఇప్పుడు దాని మీద చుట్టు తిరిగి పడుకుంటుంది.

జనం సంగతి కూడా చెప్పాలి. "కరుస్తుందా అమ్మా?" అని అడిగేవాళ్ల మీద నేను విసుక్కోను. కుక్కంటే భయపడేవాళ్లకు ఆ కాలిబాట మీద నాకంటే తక్కువ హక్కేమీ లేదు. తాడు కురచగా పట్టుకుని, నేను మధ్యలో ఉండేటట్టు పక్కకు తప్పుకుంటాను. పిల్లలు పరుగెత్తుకొస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి ఆపుతాను. "పక్కకు తిరిగి నిలబడు నాన్నా, అదే వస్తే గడ్డం కింద నిమురు, తల మీద చెయ్యి వెయ్యకు" అని చెబితే చక్కగా వింటారు. రాకపోతే రాలేదు, బలవంతం లేదు. కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి, నేను ముందు చూసుకోవలసింది జున్నును.

పోయిన ఆదివారం సాయంత్రం ఏడో స్తంభం దగ్గర బెంచీ పక్కన బొంత పరిచాను. జున్ను పడుకుంది, కానీ నాలుగు కాళ్లూ కింద పెట్టుకుని, ఏ క్షణమైనా లేచేటట్టు. అవతల ఎవరి చేతిలోనో బుడగ టప్పున పేలింది. జున్ను తల ఎత్తింది. కుడి చెవి ముందు ఆ వైపు తిరిగింది, తర్వాత ఎడమది. నోరు మూసుకుంది. నేను మాట్లాడలేదు, తాడు కదపలేదు. మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఆరు దగ్గర దాని నోరు మళ్లీ కొద్దిగా తెరుచుకుంది. తొమ్మిది దగ్గర ముఖం నా వైపు తిప్పింది. లివర్ ముక్క ఇచ్చాను. పెదవులతో అందుకుంది. నమిలి, ఒక పెద్ద ఊపిరి వదిలి, నడుము ఒక తుంటి మీదకు ఒరగేసి వెనక కాళ్లు రెండూ పక్కకు చాపేసింది. పారిపోదలచిన కుక్క అలా పడుకోదు.

మెచ్చుకునే పెద్దాయన ఈసారి ఎవరూ లేరు. గడియారం చూశాను, వచ్చి పన్నెండు నిమిషాలు. ఇంకాసేపు ఉందామని ఎంతో అనిపించింది. అయినా బొంత దులిపి మడత పెట్టాను. అలసిపోకముందే ఇంటికి బయల్దేరాం. వచ్చే ఆదివారం కూడా ఏడో స్తంభమే, ఆరోదానికి ఇంకా తొందర లేదు.