తోమిన గిన్నె

రాత్రి పదకొండున్నర. లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెను వాసన చూసి రావడం ఇది నాలుగోసారి. ఇంకా ఈతకొలను వాసనే.

అత్తయ్యగారు నిన్న రాత్రి నా హగి గిన్నెను, అంటే జపాన్‌లోని హగి అనే ఊళ్ళో కొన్న మట్టి టీ గిన్నెను, బ్లీచు నీళ్ళలో నానబెట్టారు. పొద్దున పీచుతో తోమి, తుడిచి, "ఎంత మరక పట్టిందమ్మా, ఒక పట్టాన వదిలితేనా!" అంటూ నా చేతిలో పెట్టారు. ఆ ముఖంలో సంతోషం చూసి నోట మాట రాలేదు. నాలుగేళ్ళ మరక అది. నేను పెంచుకున్న మరక.

హగి మట్టి కాల్చినా పూర్తిగా బిగిసిపోదు, నీళ్ళు పీలుస్తుంది. చల్లారేటప్పుడు పైపూత మట్టికన్నా ఎక్కువ ముడుచుకోవడంతో దాని మీద వెంట్రుకవాసి నెర్రెలు పడతాయి. తాగిన టీ ఏళ్ళ తరబడి ఆ నెర్రెల్లోకి దిగుతూ గిన్నె రంగు మారుస్తుంది. జపాన్‌లో 'హగి నో ననబకే' అంటారు, హగి వేసే ఏడు వేషాలని. టీ వేడుకకు వాడే మట్టిపాత్రల రకాల్లో రాకు మొదటిది, హగి రెండోది, కరత్సు మూడోదని ఒక వరస కూడా చెబుతారు. నాది పాలతెలుపు వదిలి, అడుగున లేత గోధుమ రంగులోకి దిగింది. ఇప్పుడు మళ్ళీ మొదటి వేషం.

"పగిలితే బంగారంతో అతుకుతారు కదా, అలా చేయించు" అన్నారు మా ఆయన, ఫోనులోంచి తల ఎత్తకుండా. పగల్లేదు మహానుభావా, శుభ్రమయింది. పగిలినదానికి ఉరుషి చెట్టు జిగురు ఉంది, బంగారు పొడి ఉంది. శుభ్రమైనదానికి వైద్యం ఎవరు కనిపెట్టారు?

ఇంకొకటి. గిన్నె అడుగున పీటలా ఉండే భాగాన్ని కొదై అంటారు. నా గిన్నెకు అక్కడ ఒక పక్క గాటు ఉంటుంది. అత్తయ్యగారు దాంట్లో వేలు పెట్టి చూసి, "పెచ్చు ఊడిన సరుకు అంటగట్టారే, ధరైనా తగ్గించారా?" అన్నారు. నవ్వొచ్చింది. హగిలో కొన్నప్పుడు దుకాణంలోని పెద్దావిడ దాదాపు ఆ కథే చెప్పింది. ప్రభువుల కోసం చేసే గిన్నెలు మామూలు జనం వాడకూడదు కాబట్టి, కావాలని గాటు పెట్టి, లోపం ఉన్న సరుకని అమ్మేవారట. కొరియా గిన్నెలకు అంతకుముందే ఆ గాటు ఉండేదని కూడా ఆవిడే చెప్పి, కథను తానే కొట్టేసింది. కొరియా మాట ఎందుకొచ్చిందంటే, 1592లో జపాన్‌ను ఏలుతున్న హిదెయోషి ఆ దేశం మీదికి దండెత్తినప్పుడు అక్కడి కుమ్మరులను పట్టుకొచ్చారు. హగి కుమ్మరి బట్టీ వాళ్ళ చేతి మీదే మొదలయింది. గిన్నె చేత్తో పట్టుకుని సున్నితం, సాదాతనం అంటూ తల ఊపేవాళ్ళు ఈ సంగతి దగ్గరికి రాగానే టీ చల్లారిపోతుందంటారు.

అసలు నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? క్యోటోలో దైతోకుజి ఆలయానికి చెందిన కొహోఅన్‌లో కిజాఎమోన్ అనే గిన్నె ఉంది. కొరియాలో ఏ ఇంట్లోనో రోజూ వాడటానికి చేసినదంటారు. ఇప్పుడది జాతీయ సంపద. అది ఎవరింట ఉంటే వాళ్ళకు కురుపులు లేస్తాయని పేరు. నాకు లేచినవీ కురుపులే. పిడికెడు మట్టికి ఇంత కోపమా అని సాయంత్రం నన్ను నేనే తిట్టుకుని, అత్తయ్యగారికి కాఫీ కలిపి ఇచ్చాను.

తరువాత రాచ్చిప్ప గుర్తొచ్చింది. కోపం మళ్ళీ మొదటికొచ్చింది.

ఈవిడకు తెలియకనా? పులుసు కాచే రాచ్చిప్పను సబ్బు తాకనిస్తారా? నేను కాపురానికి వెళ్ళిన మొదటి నెలలో, జిడ్డుగా ఉందని దాన్ని సబ్బుపొడి వేసి గరగరా రుద్దాను. లోపల నల్లగా నిగనిగలాడేది బూడిద రంగుకు వచ్చింది. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మూడు రోజులు దాంట్లో గంజి కాచి పారబోశారు. నాలుగో రోజు పులుసు పెట్టి, ముందు నాకే వడ్డించారు. అంత పెద్దమనసు అనుకుంటున్నారేమో, ఆ సంగతి మా పెద్దాడపడుచుకు, ఆవిడ తోడికోడలికి, రేపల్లె పిన్నికి కూడా తెలిసింది. పదిహేనేళ్ళయినా పెళ్ళిళ్ళలో "సబ్బు కోడలా" అని పిలిచేవాళ్ళున్నారు.

ఈ ఇంట్లో నా వైపు మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. మీరే ఉన్నారు.

ఇప్పుడే గిన్నెను గోరువెచ్చని నీళ్ళలో మళ్ళీ ముంచాను. నెర్రెల్లోంచి ఆవగింజ కన్నా చిన్న బుడగలు వరసగా పైకి వస్తున్నాయి. కొత్తలో కూడా ఇలాగే వచ్చేవి. బియ్యం కడుగు నీళ్ళలో ఒకసారి మరిగిస్తే నెర్రెలు కొంత పూడుకుంటాయని హగి పెద్దావిడ చెప్పింది. పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు పారబోయవద్దని అత్తయ్యగారికి చెప్పాలి. ఎందుకని అడుగుతారు. చెబితే, మధ్యాహ్నానికల్లా రేపల్లెకు ఫోను వెళుతుంది.