ప్రొఫైల్ వచ్చింది, కనెక్షన్ రాలేదు

తిరుపతి కొర్లగుంటలో ఇంటి దగ్గరే కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. ఎనిమిదేళ్లు వాడిన లాప్‌టాప్ మూత కీలు విరిగి తెర ఆరిపోవడంతో, ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొని అందులో డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. వైఫైని మొదటి నుంచీ అమర్చుకోవడం కన్నా పాత యంత్రంలోని ప్రొఫైళ్లను, అంటే కనెక్షన్ వివరాల ఫైళ్లను, తెచ్చుకోవడమే తేలిక అనుకున్నాను. అందుకు కారణాలు రెండు. ఇంట్లో నా లాప్‌టాప్‌కు 192.168.1.50 అనే స్థిరమైన చిరునామా ఇచ్చుకున్నాను, బ్యాకప్ డిస్కు ఆ చిరునామానే నమ్ముకుని పనిచేస్తుంది. రెండవది, చంద్రగిరిలో మా అక్క వాళ్ల ఇంటి వైఫై పాస్‌వర్డ్. దాన్ని పెట్టిన బావగారికే అది ఇప్పుడు గుర్తు లేదు.

లినక్స్‌లో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాము ఒక్కొక్క కనెక్షన్ వివరాలను ఒక్కొక్క చిన్న టెక్స్ట్ ఫైలులో రాసిపెడుతుంది. ఈటీసీ డైరెక్టరీలో నెట్‌వర్క్‌మేనేజర్ కింద సిస్టమ్-కనెక్షన్స్ అనే చోట అవి ఉంటాయి. పాత లాప్‌టాప్‌ను టీవీకి కలిపి, ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, కొత్త యంత్రంలో అదే చోట సుడోతో, అంటే రూట్ అనే నిర్వాహకుడి అధికారంతో, కాపీ చేసి, రీస్టార్ట్ చేశాను. లాగిన్ అయ్యాక చూస్తే కనెక్షన్ల జాబితాలో ఒక్క పేరూ లేదు. ఆ ఫైళ్లలో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాలలోనే, ఎవరు తెరిచినా చదువుకోగలిగేలా ఉంటాయన్న సంగతి, పెన్‌డ్రైవ్‌ను బల్ల మీద వదిలేసి కాఫీకి వెళ్లినప్పుడు గాని నాకు తట్టలేదు. వెనక్కి వచ్చి ముందు దాన్ని తుడిచేశాను.

ఆ సాయంత్రమంతా తప్పుదారిలోనే గడిచింది. రౌటర్‌ను రెండుసార్లు ఆపి, మళ్లీ వేశాను. ఆర్ఎఫ్‌కిల్ ఆదేశంతో వైఫై రేడియోను ఏ మీటా అడ్డుకోవడం లేదని నిర్ధారించుకున్నాను. ఫోను అదే రౌటర్‌తో హాయిగా పనిచేస్తోంది. చంద్రగిరి నుంచి వచ్చిన మేనల్లుడు పక్కనే కూర్చుని, ‘‘పాస్‌వర్డ్ తప్పుగా కొట్టింటావులే మామా, మళ్లీ కొట్టి చూడు’’ అని సలహా ఇచ్చాడు. నేను పాస్‌వర్డ్ కొట్టనే లేదు, ఫైలునే తెచ్చాను కదా అని వాడికి చెబుతున్నప్పుడు, ఆ ఫైలును నెట్‌వర్క్‌మేనేజర్ అసలు చదివిందా అన్న అనుమానం నాకే కలిగింది.

జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశంతో నెట్‌వర్క్‌మేనేజర్ లాగ్ (అది రాసుకునే చిట్టా) తెరిస్తే జవాబు అక్కడే ఉంది. నేను తెచ్చిన ప్రతి ఫైలు పేరు ఎదుటా, దాని పర్మిషన్లు (ఎవరు చదవవచ్చో, మార్చవచ్చో చెప్పే అంకెలు) 100644గా ఉన్నాయనీ, అవి సురక్షితం కావు కనుక ఫైలును తీసుకోలేదనీ రాసి ఉంది. పాస్‌వర్డ్ ఉండే ఫైలును రూట్ తప్ప ఇంకెవరూ చదవకూడదు, అంటే యజమాని రూట్ అయి, పర్మిషన్ 600గా ఉండాలి. పాత యంత్రంలో అవి అలాగే ఉండేవి. కానీ నా పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, ఆ పద్ధతిలో యూనిక్స్ పర్మిషన్లను దాచుకునే చోటే లేదు. అందువల్ల దారిలోనే అవి రాలిపోయి, కొత్త యంత్రంలో దిగేసరికి అందరూ చదవగలిగే ఫైళ్లుగా మారాయి. పర్మిషన్లతో సహా మూటకట్టే టార్ ఫైలుగా కట్టి తెచ్చి, రూట్‌గానే విప్పి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్‌తో 600 చేసి, ఎన్ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ రీలోడ్ అని నెట్‌వర్క్‌మేనేజర్‌కు ఆదేశం ఇచ్చాక పేర్లన్నీ జాబితాలోకి వచ్చాయి. ఈ రీలోడ్ ముఖ్యం. ఫైలును మనం చేత్తో మార్చినంత మాత్రాన నెట్‌వర్క్‌మేనేజర్ దానంతట అది గమనించదు.

పేర్లు వచ్చాయి గాని కనెక్షన్ రాలేదు. ఇంటి ప్రొఫైల్‌ను ఎన్ఎమ్‌సీఎల్ఐతో పైకి లేపబోతే, తగిన పరికరం లేదనీ, ఇంటర్‌ఫేస్ (అంటే నెట్‌వర్క్ కార్డు) పేరు సరిపోలడం లేదనీ చెప్పింది. ఫైలు తెరిచి చూస్తే ఇంటర్‌ఫేస్-నేమ్ అనే వరుసలో డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 అని ఉంది, కొత్త లాప్‌టాప్‌లోనేమో వైఫై కార్డు పేరు డబ్ల్యూఎల్‌పీ2ఎస్0. 2013 నుంచి లినక్స్‌లోని సిస్టమ్‌డీ అనే వ్యవస్థ ఈ పేర్లను కార్డు మదర్‌బోర్డు మీద ఉన్న స్థానాన్ని బట్టి పెడుతోంది. పీ తర్వాతి అంకె పీసీఐ బస్సుది (కార్డులను మదర్‌బోర్డుకు కలిపే దారిది), ఎస్ తర్వాతిది స్లాటుది. ఒకే యంత్రంలో పేరు అటూ ఇటూ మారకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు ఇది, యంత్రం మారితే పేరు మారడమే సహజం. ఆ వరుసను తీసేశాను. ప్రొఫైల్‌లో ఇంటర్‌ఫేస్ పేరు లేకపోతే ఏ వైఫై కార్డుకైనా అది వర్తిస్తుంది.

మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ పొసగలేదు. ఈసారి అడ్డుపడినది మ్యాక్-అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు చిరునామా) వరుస. నన్ను ఎక్కువసేపు తికమకపెట్టింది ఇదే, ఎందుకంటే ఆ వరుస అర్థాన్ని నేను తలకిందులుగా అనుకున్నాను. అది రౌటర్‌కు మనం చూపించే చిరునామా అనుకుని, కొత్త కార్డుకు పాత చిరునామా తగిలిస్తే రౌటర్‌కు తేడా తెలియదు కదా అని దాన్ని అలాగే ఉంచాను. నిజానికి అది తాళం వంటిది. ఫలానా శాశ్వత చిరునామా ఉన్న కార్డు మీద మాత్రమే ఈ ప్రొఫైల్ నడవాలని దాని అర్థం. రౌటర్‌కు వేరే చిరునామా చూపించాలంటే క్లోన్డ్-మ్యాక్-అడ్రస్ అనే మరో వరుస ఉంది. పేర్లు పెట్టినవారు కాస్త కనికరించి ఉండవలసింది. ఆ వరుసనూ తీసి రీలోడ్ చేయగానే ఇంటి వైఫై కలిసింది, బ్యాకప్ డిస్కు కూడా పలికింది.

ఇక మిగిలింది చంద్రగిరి ప్రొఫైల్. అందులోనూ అవే రెండు వరుసలు తీశాను. పాస్‌వర్డ్ ఉండవలసిన పీఎస్‌కే వరుస మాత్రం అందులో లేదు, దాని స్థానంలో పీఎస్‌కే-ఫ్లాగ్స్ అని, విలువ 1 అని ఉంది. అంటే పాస్‌వర్డ్ ఈ ఫైలులో లేదు, ఆనాటి వాడుకరి కీరింగ్‌లో, అంటే పాస్‌వర్డ్‌లు దాచే చోట, ఉంది, కలిపేటప్పుడు అక్కడి నుంచి తెచ్చి ఇచ్చే ప్రోగ్రాము ఉండాలి అని. ఎప్పుడో కనెక్షన్ పెట్టేటప్పుడు, పాస్‌వర్డ్‌ను ఈ వాడుకరికి మాత్రమే దాచు అన్న ఎంపికను నేనే నొక్కి ఉంటాను. కాపీ చేసింది తాళంకప్పను మాత్రమే, తాళంచెవి పాత ఇంట్లోనే ఉండిపోయింది.

పాత లాప్‌టాప్‌ను మరోసారి టీవీకి కలిపి, సీహార్స్ అనే కీరింగ్ ప్రోగ్రాము తెరిచి, అక్క ఇంటి వైఫై పేరున ఉన్న రహస్యాన్ని చదివి కాగితం మీద రాసుకున్నాను. పదహారు అక్షరాలలో ఒకటి సున్నానా, ఓ అక్షరమా అన్నది తేల్చుకోవడానికి టీవీ దగ్గరకు రెండుసార్లు లేచి వెళ్లవలసి వచ్చింది. ఆ కొద్దిసేపట్లోనే కొత్త లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ నిమిషం వచ్చి నిమిషం పోవడం మొదలైంది. ఇంత చేసినదీ పాడైందేమోనని ప్రొఫైల్‌ను మళ్లీ మొదటి నుంచి చదువుతూ కూర్చున్నాను. తప్పు ప్రొఫైల్‌లో లేదు. పాత యంత్రం వెలగగానే అలవాటు ప్రకారం ఇంటి వైఫైకి తనంతట తానే కలిసిపోయి, 192.168.1.50 నాది అని చెప్పుకోసాగింది. కొత్తదీ అదే చెప్పుకుంటోంది. ఒకే డోర్ నంబరు రెండు ఇళ్లకు ఉంటే ఉత్తరాలు ఏ గుమ్మంలో పడతాయో ఎవరు చెప్పగలరు! పాతదాన్ని ఆపగానే అంతా కుదుటపడింది.

ఆదివారం మేనల్లుణ్ణి దిగబెట్టడానికి చంద్రగిరి వెళ్లినప్పుడు లాప్‌టాప్ కూడా తీసుకువెళ్లాను. వరండాలో కూర్చుని మూత తెరవగానే వైఫై కలిసింది. బావగారు ఆ కాగితాన్ని అడిగి తీసుకుని పంచాంగం చివరి పేజీలో అంటించుకున్నారు.