పిల్లలు స్కూల్లో ఆడాలా, పార్ట్‌టైమ్ పనికి వెళ్లాలా?

అమెరికాలో డాలస్ వైపు నలుగురు తెలుగు తల్లిదండ్రులు కలిస్తే ఈ మధ్య ఇదే మాట. హైస్కూల్‌కొచ్చిన పిల్లాడు స్కూల్ టీమ్‌లో ఆడతానంటే సరే, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చు. అదే ఏ కిరాణా షాపులోనో పనిచేస్తానంటే మాత్రం "మనకేం ఖర్మ, పిల్లల సంపాదన మీద బతుకుతున్నామా" అంటారు. ఈ లెక్క నాకు అస్సలు నచ్చదు.

మా అమ్మాయి 16 నిండాక ఒక ఐస్‌క్రీమ్ షాపులో చేరింది. గుంటూరులో ఉన్న మా అమ్మకు ఆ సంగతి చెప్తే, "అంత దూరం వెళ్లి పిల్లచేత ఎంగిలి గిన్నెలు కడిగిస్తున్నావటే" అని కోప్పడింది. కడిగితే ఏమైంది? రాత్రి షాపు మూసేటప్పుడు స్కూపులన్నీ వేడినీళ్లలో కడిగి, నేల తుడిచి, గల్లా లెక్క చూసుకుని బయటికొస్తుంది, అందులో ఐదు డాలర్లు తేడా వచ్చిందంటే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాల్సిందే, అమ్మానాన్నలు వచ్చి సర్దిచెప్పడానికి అది ఇల్లు కాదు కదా. మొదటి జీతం వచ్చినప్పుడు ఆ చీటీ పట్టుకుని సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పింఛను) 6.2 శాతం, మెడికేర్‌కి (పెద్దవాళ్ల ఆరోగ్య బీమా) 1.45 శాతం ఎందుకు కోశారని నన్ను కూర్చోబెట్టి అడిగింది. ఏ ట్యూషన్‌లో చెప్తారు ఇవన్నీ?

అలాగని ఆటని తక్కువ చేయడం లేదు. మా టెక్సాస్‌లో మామూలుగా ఒక సబ్జెక్టులో 70 కన్నా తక్కువొస్తే కొన్ని వారాలు పోటీకి దింపరు, 1984 నుంచీ ఉన్న చట్టం ఇది. మనం ఎంత మొత్తుకున్నా పుస్తకం తీయని పిల్లలు ఆ భయంతో తీస్తారు. పనిలో ఆ అదుపు లేదు. 14, 15 ఏళ్ల వాళ్లచేత స్కూలున్న రోజు 3 గంటలు, స్కూలు నడిచే వారంలో 18 గంటలు మించి చేయించకూడదని ఫెడరల్ చట్టం చెప్తుంది గానీ, 16 నిండితే అందులో గంటల పరిమితే లేదు. మేనేజర్ ఫోన్ చేసి "ఈ రోజు మనిషి రాలేదు, వస్తావా" అంటే, తెల్లారితే కెమిస్ట్రీ పరీక్ష పెట్టుకుని కూడా పరిగెత్తే పిల్లలున్నారు. ఇక్కడ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, దానికోసం నిద్ర పాడుచేసుకోవడమా? అందుకే మేం శుక్ర, శనివారాలు మాత్రమే అని చేరే రోజే చెప్పించాం.

మనసులేకుండా, కోచింగ్‌కి పోసిన డబ్బు వృథా కాకూడదని టెన్నిస్ రాకెట్ మోస్తున్న పిల్లాడుంటే, వాణ్ని మాన్పించి హాయిగా పనికి పంపండి. పరుగెత్తడమంటే ప్రాణం పెట్టే పిల్లని మాత్రం పరుగెత్తనివ్వండి.

ఇవన్నీ ఎంచుకునే వీలున్నవాళ్ల సంగతి. మనలో ఎంతోమంది పిల్లలు హెచ్-4 మీద, అంటే హెచ్-1బి మీద ఉద్యోగం చేసే అమ్మ లేదా నాన్న వెంట ఉండే వీసా మీద ఉన్నారు. ఆ వీసా మీద 2015లో పని చేసుకునే అనుమతి ఇచ్చింది కొందరు భార్యాభర్తలకే, పిల్లలకు కాదు. తరగతిలో పక్కన కూర్చునే స్నేహితులంతా వేసవిలో ఏదో ఒక షాపులో చేరి సొంత డబ్బుతో తిరుగుతుంటే, చిన్నప్పటినుంచీ ఇక్కడే పెరిగిన ఈ పిల్లలు మాత్రం ఊరికే చూస్తుండాలి, 21 నిండితే ఆ వీసా కూడా ఉండదు. ఆ బాధ పిల్లలు బయటికి చెప్పరు. స్కూల్ టీమ్‌లో చేరడానికి మాత్రం వీసా అడ్డం రాదు, అలాంటిది "ఆటలు చాలు, ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) కోచింగ్‌కి పద" అని అదీ లాగేసుకుంటున్నాం. దయచేసి ఆ పని చేయకండి. మా వాడికి ఏ ఆటా రాదంటారా, క్రాస్ కంట్రీలో (ఆరుబయట దూరం పరుగు) చేర్చండి, చాలా స్కూళ్లలో వచ్చినవాళ్లందర్నీ తీసుకుంటారు, బూట్లు తప్ప పెద్ద ఖర్చు కూడా ఉండదు. డాక్టర్ సంతకం చేసిన ఫిజికల్ (ఆరోగ్య పరీక్ష) ఫారం లేనిదే ప్రాక్టీస్‌కి రానివ్వరు కాబట్టి అది జూలైలోనే చేయించుకోండి, ఆగస్టు మొదట్లోనే మొదలుపెట్టేస్తారు.