బానెట్ లారీ అంటే నాకు పిచ్చి

అనంతపురం దగ్గర 44వ నంబర్ హైవే పక్కన టీ తాగుతా నిలబడితే నాకు టైమే తెలీదు, తాడిపత్రి బండలేసుకున్న లారీలు ఎయిర్ బ్రేకు బుస్సుమనిపిస్తా ఆగుతాంటే చూడాల. ఏసీ క్యాబిన్ల కొత్త బండ్లు బాగానే ఉంటాయి గానీ నా ఓటు ఇంజన్ ముందరికి ముక్కు మాదిరి పొడుచుకొచ్చుండే పాత బానెట్ టాటాకే. 1954లో టాటావాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టినారు, 1969 దాకా వాటి ముందర బెంజ్ నక్షత్రమే ఉండేది (అప్పటి క్లీనర్లంతా బెంజ్‌లో తిరిగినోళ్లే మరి!). అశోక్ లేలాండ్ లారీల ఫ్యాన్స్ కొట్లాటకి రావద్దు.

ఇంగ వెనకాల చూడు, బంపర్‌కి పాత చెప్పు, పసుప్పచ్చ మీద ఎర్ర తామరపూలు, హారన్ ప్లీజ్, డీజిల్ ట్యాంకు మీద పిల్లోళ్ల పేర్లు. ఇప్పుడన్నీ స్టిక్కర్లే, చేత్తో రాసిన అక్షరం ముందర అవి దేనికీ పనికిరావు.